పిల్లి కోసం పిడికెడు గోధుమ గడ్డి

పులి ఆకలేసినా గడ్డి తినదని సామెత. పౌరుషం గురించి చెప్పడానికి ఆ మాట బాగానే ఉంటుంది కానీ జంతుశాస్త్రం దాన్ని ఒప్పుకోదు. అడవిలో పులి మలాన్ని ఏరి పరీక్షించే పరిశోధకులకు జింక వెంట్రుకలు, ఎముక ముక్కలతో పాటు అరగని గడ్డి పోచలు కూడా కనిపిస్తుంటాయి. ఆకలి తీర్చుకోవడానికి కాకపోయినా పులి గడ్డి తింటుంది. దాని చుట్టమైన ఇంటి పిల్లీ తింటుంది. పెరడు ఉంటే గరిక, అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీలోని మనీ ప్లాంట్, అదీ లేకపోతే తలుపు మూల నిలబెట్టిన కొండచీపురు.

చీపురు సంగతి పిల్లిని పెంచేవారిలో చాలామందికి తెలిసిందే. కొండచీపురు కూడా గడ్డి జాతి మొక్కే. పాడేరు, అరకు కొండల్లో గిరిజనులు దాని పూగుత్తులను కోసి, ఆరబెట్టి, కట్టలు కట్టి అమ్ముతారు. మెత్తటి ఆ కొసలను పిల్లి పక్కకు తల వాల్చి, దవడ పళ్ళ మధ్య పెట్టుకుని కసకసా నములుతుంటే ఇంట్లోవాళ్ళు ఫోను తీసి వీడియో పడతారు. ముచ్చటగానే ఉంటుంది. కానీ ఎండిన పుల్ల గొంతులో గుచ్చుకోవచ్చు. పైగా ఆ చీపురుకు నేల మీది దుమ్ముతో పాటు ఫినాయిల్ కూడా అంటుకుని ఉంటుంది. ఫినాయిల్‌లోని పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. చీపురు నమిలే పిల్లి అడుగుతున్నది గడ్డి. ఇంట్లో దొరకలేదు కాబట్టి దొరికినదానితో సరిపెట్టుకుంటోంది.

ఈ అలవాటు చుట్టూ ఇప్పుడు చిన్నపాటి వ్యాపారం నడుస్తోంది. పెంపుడు జంతువుల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ‘క్యాట్ గ్రాస్’ పేరుతో డబ్బాలు దొరుకుతున్నాయి. విప్పి చూస్తే గుప్పెడు గోధుమలో ఓట్స్ గింజలో ఉంటాయి. వాటితో పాటు కాస్త కొబ్బరి పొట్టు, నీళ్ళు ఎలా చల్లాలో రాసిన కాగితం. డబ్బా పైన మాత్రం విటమిన్ల గని అనీ, జీర్ణశక్తిని పెంచుతుందనీ, ఒంట్లోని విషాలను కడిగేస్తుందనీ రాసి ఉంటుంది. ఇంట్లో పిల్లికి గడ్డి పెంచడం మంచి పనే. కాకపోతే ఎందుకు మంచిదో చెప్పడానికి డబ్బా మీద చూపిన కారణాల్లో నిలబడేవి దాదాపు లేవు. అసలు కారణం వేరే ఉంది.

విటమిన్లనే తీసుకుందాం. ఆకుకూరల్లోని బీటా కెరోటిన్‌ను మనిషి శరీరం విటమిన్ ఏగా మార్చుకుంటుంది. పిల్లి శరీరం మార్చుకోలేదు. కాలేయం వంటి జంతు ఆహారం నుంచి తయారైన విటమిన్ ఏనే అది నేరుగా తీసుకోవాలి. కాబట్టి గడ్డి ఎంత పచ్చగా ఉన్నా ఆ లెక్కలో పిల్లికి దక్కేది సున్నా. విటమిన్ సి సంగతి ఇందుకు తలకిందులు. దాన్ని పిల్లి కాలేయం సొంతంగా తయారు చేసుకుంటుంది, బయటి నుంచి ఇవ్వాల్సిన పని లేదు. గడ్డిలో ఫోలిక్ ఆమ్లం ఉంది, అది రక్తానికి మేలు చేస్తుందన్న వాదన చాలా చోట్ల వినిపిస్తుంది. ఉన్నమాట నిజమే. అయితే సరిపడా మాంసం గానీ, సమతులంగా తయారుచేసిన పిల్లి ఆహారం గానీ తినే జంతువుకు ఆ కొరతే రాదు. వచ్చినా నాలుగు పోచలతో తీరేది కాదు. ఉదయం నడకకు వచ్చేవారికి పార్కుల దగ్గర అమ్మే గోధుమగడ్డి రసం గురించి చేసే ప్రచారాన్నే ఇక్కడ పిల్లి బొమ్మ పక్కన అచ్చేశారు.

పీచు గురించి చెప్పేది కొంత నయం. గడ్డిలోని సెల్యులోజ్‌ను విరిచే ఎంజైము పిల్లి పేగుల్లో లేదు. ఆవు, మేక లాగా నాలుగు గదుల పొట్ట లేదు. పళ్ళు కూడా ఆ పనికి పనికొచ్చేవి కావు. గడ్డి మేసే జంతువు దవడ పక్కలకు కదులుతూ తిరగలిలా రుబ్బుతుంది. పిల్లి దవడ కిందికీ పైకీ మాత్రమే కదులుతుంది, వెనక పళ్ళు కత్తెరలా ఒకదాన్నొకటి రాసుకుంటూ కోస్తాయి. పిల్లి గడ్డి తినేటప్పుడు దగ్గరగా కూర్చుని చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ముందు పళ్ళతో పోచను అందుకోలేక తలను ఒక పక్కకు తిప్పుతుంది. పోచను నోటి మూలకు తెచ్చుకుంటుంది. రెండు మూడు సార్లు కోస్తుంది, మిగిలింది అలాగే మింగేస్తుంది. అందుకే వాంతిలోనూ మలంలోనూ పోచ దాదాపు మింగిన రూపంలోనే బయటపడుతుంది. పేగు కదలికలకు ఆ పోచ కొంత ఊతమిస్తుందేమో గానీ, ఆహారంగా పిల్లికి దాని నుంచి ఒరిగేది చాలా స్వల్పం.

మరి ఎందుకు తింటుంది? ఒంట్లో బాగోక, కక్కడం కోసం తింటుందన్నది ఎక్కువమంది నమ్మే జవాబు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పశువైద్య శాస్త్రవేత్త బెంజమిన్ హార్ట్, ఆయన సహచరులు ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. రోజుకు కనీసం 3 గంటలు తమ పిల్లిని గమనించగలిగే వెయ్యి మందికి పైగా యజమానులను ప్రశ్నించి, 2019లో నార్వేలోని బెర్గెన్‌లో జరిగిన సదస్సులో ఫలితాలు చెప్పారు. తర్వాత మరో సర్వే కూడా కలిపి 2021లో పత్రం ప్రచురించారు. తమ పిల్లి మొక్కలు తినడం కనీసం ఆరుసార్లు చూశామన్నవారు 71 శాతం. ఎప్పుడూ చూడలేదన్నవారు 11 శాతమే. అంటే గడ్డి తినే పిల్లి వింత పిల్లి కాదు, తినని పిల్లే అరుదు. తినడానికి ముందు పిల్లి మామూలుగానే ఉందని పదిమందిలో తొమ్మిదిమంది చెప్పారు. తిన్న తర్వాత తరచూ కక్కుతుందన్నవారు సుమారు పావు నుంచి మూడో వంతు మధ్య ఉన్నారు. జబ్బుపడి, కక్కడానికే తింటుందనుకుంటే ఈ అంకెలు పొసగవు. వాంతి కొన్నిసార్లు వెంట వచ్చే ఫలితం మాత్రమే.

వెంట్రుకల ఉండల వాదనకూ ఇదే గతి పట్టింది. పిల్లి నాలుక మీద లోపలి వైపుకు వంగిన గట్టి ముళ్ళుంటాయి. ఒళ్ళు నాక్కున్నప్పుడు ఊడిన వెంట్రుకలు వాటికి చిక్కుకుని గొంతులోకే పోతాయి, ఉమ్మేయడానికి వీలుండదు. వాటిలో చాలా భాగం మలంలో పోతుంది, మిగిలింది ఉండకట్టి అప్పుడప్పుడూ నోటి నుంచి బయటపడుతుంది. ఆ ఉండలను తోసేయడానికే గడ్డి అయితే, పర్షియన్ లాంటి పొడుగు జుట్టు పిల్లులు పొట్టి జుట్టు పిల్లులకన్నా ఎక్కువ గడ్డి తినాలి. హార్ట్ బృందానికి అలాంటి తేడా కనిపించలేదు.

వాళ్ళు ముందుకు తెచ్చిన వివరణ పిల్లి కన్నా చాలా పాతది. అడవి జంతువుల పేగుల్లో ఏలికపాములూ ఇతర పురుగులూ ఎప్పుడూ ఉంటాయి. అరగని నార పేగుల్లోకి పోతే పేగు కండరాలు గట్టిగా కదులుతాయి, ఆ ఒత్తిడికి పురుగులు బయటికి కొట్టుకుపోతాయి. టాంజానియా అడవుల్లోని చింపాంజీలు గరుకు ఆకులను నమలకుండా మడిచి మింగడం, వాటి మలంలో ఆ ఆకులతో పాటు పురుగులు కనిపించడం పరిశోధకులు చాలా ఏళ్ళుగా నమోదు చేస్తూ వచ్చారు. పిల్లుల పూర్వీకులకూ అలాంటి అలవాటే ఉండి, పురుగుల మందు వేసిన నేటి ఇంటి పిల్లిలోనూ అది మిగిలిపోయిందన్నది హార్ట్ వాదన. చిన్న వయసు పిల్లులు పెద్దవాటికన్నా ఎక్కువగా గడ్డి తింటూ తక్కువగా కక్కుతాయన్న పరిశీలన కూడా దీనికి అనుకూలంగానే ఉంది. ఇది సర్వేల మీద నిలబెట్టిన ఊహ, ప్రయోగశాలలో తేల్చిన నిజం కాదు. అయినా ఇప్పటిదాకా వచ్చిన వివరణల్లో ఈ అంకెలకు బాగా అతికేది ఇదే.

ఇది నిజమైతే ఇంట్లో గడ్డి కుండీకి అర్థం మారిపోతుంది. పిల్లికి గడ్డి అవసరమా కాదా అన్నది ప్రశ్న కాదు. గడ్డి కోసం వెతకడం దాని పుట్టుకతో వచ్చింది కాబట్టి, నాలుగు గోడల మధ్య ఉన్నా వెతుకుతూనే ఉంటుంది. ఆ వెతుకులాటలో దాని నోటికి ఏది తగులుతుందన్నదే ప్రశ్న.

తెలుగు ఇళ్ళలో తగిలేవాటిని ఒకసారి లెక్క చూస్తే గుండె గుభేలుమంటుంది. మనీ ప్లాంట్, చామ, డిఫెన్‌బేకియా ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. కొరికిన వెంటనే నోరు మండి చొంగ కారుతుంది. ప్రాణం మీదికి రావడం అరుదు. కలబంద వాంతులు, విరేచనాలు తెస్తుంది. రణపాల, గన్నేరు, పచ్చగన్నేరు గుండె లయను చెడగొడతాయి. గేటు పక్కన అందానికి పెట్టే సైకస్ మొక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వీటన్నిటినీ మించినది లిల్లీ. పూల మార్కెట్లో దండలకు కిలోల లెక్కన అమ్మే నేలసంపెంగను కూడా మన దగ్గర లిల్లీ అంటారు. ఇక్కడ చెబుతున్నది దాని గురించి కాదు, బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీ గురించి. దాని ఆకు ముక్క, ఒంటి మీద రాలిన పుప్పొడి, చివరికి పూలసీసాలోని నీళ్ళు కూడా పిల్లి మూత్రపిండాలను రెండు మూడు రోజుల్లో పాడు చేయగలవు.

వినాయక చవితి నాడు ఈ లెక్క మరింత చిక్కుపడుతుంది. పూజకు తెచ్చే 21 రకాల పత్రిలో గరిక ఉంది, తులసి ఉంది, మామిడి ఉంది. వాటితో భయం లేదు. అదే పళ్ళెంలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉంటాయి, మూడూ విషపు మొక్కలే. గరిక వాసనకు పళ్ళెం దగ్గరికి చేరిన పిల్లి ఏ ఆకును ముందు కొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. పూజ అయ్యాక పత్రిని నిమజ్జనం దాకా పీట మీదే ఉంచే ఇళ్ళలో ఆ గది తలుపు వేసి ఉంచడం తప్ప వేరే దారి లేదు. పూలదండల దారం మరో గండం. పిల్లి దాన్ని గడ్డి పోచలాగే నమిలి మింగుతుంది. దారం ఒక కొస నాలుక కింద చిక్కుకుని మిగతాది పేగుల్లోకి దిగితే పేగులు కుచ్చిళ్ళు పడి తెగుతాయి. ఆపరేషన్ తప్పదు.

అలాంటప్పుడు రోడ్డు పక్కన మొలిచిన గరికనే తుంచుకొస్తే పోలేదా? గరిక మంచిదే, మొలిచిన చోటే అనుమానం. పార్కుల్లో, కాలనీల్లో కలుపు మందులు కొడతారు. ఎప్పుడు కొట్టారో అడిగి తెలుసుకునే వీలుండదు. వీధి కుక్కల, పిల్లుల మలమూత్రాల నుంచి పురుగుల గుడ్లు అంటుకుంటాయి. ముదిరిన గడ్డితో ఇంకో చిక్కుంది. ముదిరే కొద్దీ ఆకు అంచున ఇసుక లాంటి సిలికా చేరి సన్నటి రంపంలా తయారవుతుంది. పిల్లి కక్కేటప్పుడు అలాంటి పోచ అంగిలి వెనక నుంచి ముక్కులోకి ఎక్కి ఇరుక్కున్న సందర్భాలు పశువైద్యులకు కొత్త కాదు. ఆగకుండా తుమ్మడం, ఒక ముక్కు నుంచే చీమిడి కారడం దాని గుర్తులు. లేత గడ్డికి ఈ బాధ తక్కువ.

ఇక ఏ గింజ నాటాలి? విదేశీ సలహాల్లో గోధుమ, ఓట్స్, బార్లీ, రై అని నాలుగు పేర్లు కనిపిస్తాయి. మన కిరాణా దుకాణానికి వెళితే వీటిలో పనికొచ్చేది గోధుమ ఒక్కటే. చిన్నపిల్లలకు జావ కాచే బార్లీ గింజలు పొట్టు తీసి పాలిష్ పట్టినవి. వాటిలో మొలకెత్తే భాగం పోయి ఉంటుంది, ఎంత నానబెట్టినా కుళ్ళడమే తప్ప మొలవవు. ఓట్స్ అయితే ఆవిరి పట్టి, నలిపి, అటుకుల్లా చేసినవి. పశుగ్రాసం విత్తనాలు అమ్మే చోట పొట్టుతో ఉన్న ఓట్స్ దొరుకుతాయి కానీ ఇంత చిన్న పనికి అంత వెతుకులాట అనవసరం. పిండి మరకు తీసుకెళ్ళే గోధుమలు చాలు. గోధుమ పడనివారు గ్లూటెన్ గురించి అడుగుతుంటారు. అది గింజలో ఉంటుంది, లేత ఆకులో ఉండదు.

ఇంట్లో ఉన్నాయి కదా అని జొన్నలు నాటడం మాత్రం పొరపాటు. లేత జొన్న పైరులో ధురిన్ అనే పదార్థం ఉంటుంది, నమిలినప్పుడు దాని నుంచి సైనైడ్ విడుదలవుతుంది. రైతులకు ఇది చెప్పనక్కరలేదు. వానలు లేక గిడసబారిన లేత జొన్నను, కోసిన మోడుకు వచ్చిన పిలకలను మేసి పశువులు నిలువునా కూలిపోవడాన్ని నాము తగలడమంటారు. అంత పెద్ద ఆవుకే ప్రమాదమైనది పిల్లికి పెట్టడం దేనికి? నిమ్మగడ్డి పేరులోనూ గడ్డి ఉంది. దానిలోని నూనెలు పిల్లి పొట్టకు పడవు, జంతువులకు విషమయ్యే మొక్కల జాబితాల్లో దాని పేరు ఉంటుంది.

విత్తనం ఎక్కడి నుంచి వచ్చిందన్నది రకం కన్నా ముఖ్యం. విత్తనాల దుకాణంలో సంచీల్లో అమ్మేవాటికి బూజు పట్టకుండా థైరమ్, కార్బెండజిమ్ వంటి మందులు పట్టించి, తినకూడదని తెలియడానికి గులాబీ రంగో నీలమో వేస్తారు. అవి పొలానికే. తినడానికి అమ్మే గోధుమలే తెచ్చుకోవాలి. వాటిలోనూ పురుగు పట్టకుండా ఇంట్లో బోరిక్ పొడి కలిపి దాచే అలవాటు చాలామందికి ఉంది. అలాంటివైతే వదిలేసి వేరేవి తేవడం మేలు. వేపాకు వేసి దాచినవైతే కడిగి వాడుకోవచ్చు.

గోధుమను తొమ్మిది రోజుల్లో ఎలా పెంచాలో తెలుగు నేల మీద అందరికన్నా బాగా తెలిసినవాళ్ళు లంబాడీ తండాల ఆడపిల్లలు. శ్రావణంలో వచ్చే తీజ్ పండుగకు పెళ్ళికాని అమ్మాయిలు బుట్టల్లో మట్టీ ఎరువూ నింపి గోధుమలు చల్లి, రోజూ నీళ్ళు పోస్తూ, పాటలు పాడుతూ తొమ్మిది రోజులు కాపాడతారు. చివరి రోజుకు బుట్ట నిండా జానెడు ఎత్తు పైరు ఒత్తుగా లేచి ఉంటుంది. దాన్ని చెరువులోనో వాగులోనో నిమజ్జనం చేస్తారు. పిల్లి గడ్డికి కావలసిన వ్యవధీ ఎత్తూ సరిగ్గా అవే. కాలం ఎంపికలో కూడా కిటుకు ఉంది. గోధుమ చలికాలపు పంట, 20 నుంచి 25 డిగ్రీల వేడిలో బాగా మొలుస్తుంది. శ్రావణానికి ఎండ తగ్గి గాలి చల్లబడుతుంది. మే నెలలో ఇదే పని బాల్కనీలో చేస్తే గింజలు మొలవకముందే పులిసి కంపు కొడతాయి. ఎండాకాలంలో కుండీని ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో, నేల మీద ఉంచాలి. నానబెట్టే నీళ్ళను కూడా ఒకసారి మార్చాలి.

పద్ధతిలో పెద్ద విద్యేమీ లేదు. గుప్పెడు గోధుమలను రాత్రి నానబెట్టి, ఉదయం వడగట్టి కడగాలి. నాలుగు వేళ్ళ లోతున్న వెడల్పాటి మట్టి మూకుడు అయితే మంచిది. ప్లాస్టిక్ డబ్బా తేలికగా ఉండి పిల్లి లాగినప్పుడు బోర్లా పడుతుంది. కొబ్బరి పొట్టు, మట్టి సగం సగం కలిపి నింపి, గింజలను ఒకదానికొకటి తగిలేంత ఒత్తుగా పరచి, పైన పలచగా మట్టి చల్లాలి. యూరియా, పురుగు మందు వంటివి దరిదాపులకు రానివ్వకూడదు. గింజలోని పిండే మొదటి పది రోజుల ఆహారం, ఎరువుతో పనే లేదు. తడి ఆరకుండా చూస్తే రెండు మూడు రోజుల్లో తెల్లటి మొన తేలిన తొడుగులు మట్టిని చీల్చుకుని వస్తాయి. మర్నాటికి ఆ తొడుగు చీలి పచ్చటి ఆకు కనిపిస్తుంది. అప్పటి నుంచి కిటికీ వెలుతురు కావాలి, లేకపోతే ఆకు పాలిపోయి సాగుతుంది. వారం, పది రోజులకు వేళ్ళు చాపలా అల్లుకుంటాయి. అప్పుడు పిల్లి ముందు పెట్టాలి. అంతకుముందే పెడితే పోచతో పాటు గింజా వేరూ పెళ్ళగించుకుని పోతుంది. తవ్విన మట్టి కనిపిస్తే దాన్ని తన మరుగుదొడ్డి అనుకునే ప్రమాదమూ ఉంది.

రెండో రోజో మూడో రోజో చాలామంది కంగారుపడి కుండీని పారేస్తారు. గింజ చుట్టూ తెల్లటి నూగు కనిపిస్తుంది, బూజు పట్టిందనుకుంటారు. అది చాలాసార్లు బూజు కాదు, వేరు మీద మొలిచే సన్నటి రోమాలు. తేడా కనిపెట్టడం సులువు. వేరు రోమాలు వేరు చుట్టూ సమంగా, కుంచె వెంట్రుకల్లా నిలబడి ఉంటాయి. నీళ్ళు చిలకరిస్తే వేరుకు అంటుకుని మాయమవుతాయి, ఆరితే మళ్ళీ లేస్తాయి. బూజు అయితే వేరును కాకుండా గింజ పొట్టును పట్టుకుంటుంది, గింజ నుంచి గింజకు సాలెగూడులా పాకుతుంది, బూడిద రంగుకో నలుపుకో తిరుగుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్క వాసన కొడుతుంది. ఆ వాసన వస్తే మాత్రం గడ్డి ఎంత పచ్చగా ఉన్నా మొత్తం పారేయాలి, బాగున్న పోచలు ఏరి ఇవ్వడం తగదు. గాలి ఆడకపోవడం, అడుగున రంధ్రం లేక నీళ్ళు నిలవడం బూజుకు ముఖ్య కారణాలు.

ఎంత తిననివ్వాలన్న దానికి కొలత లేదు. నాలుగైదు పోచలు తిని పక్కకు పోతే చాలు. కుండీ మొత్తం ఒకేసారి ఖాళీ చేసే తిండిపోతు పిల్లి అయితే కాసేపుంచి తీసేయాలి. కత్తిరించినా గడ్డి మళ్ళీ మొదలు నుంచి పెరుగుతుంది, కానీ గింజలో సరుకు అయిపోయాక వచ్చే రెండో పెరుగుదల పీలగా ఉంటుంది. రెండు, మూడు వారాలకు పసుపు రంగుకు తిరుగుతుంది. అందుకే పది రోజులకొకసారి రెండో మూకుడు నాటుకుంటే ఎప్పుడూ ఒకటి సిద్ధంగా ఉంటుంది. కిలో గోధుమలతో నెలల తరబడి గడుస్తుంది. అన్నట్టు, గడ్డి కుండీ పెట్టాం కదా అని లిల్లీనో సైకస్‌నో అక్కడే ఉంచేయడం తెలివైన పని కాదు. లేత గడ్డి దొరికితే చాలా పిల్లులు మిగతా మొక్కలను వదిలేస్తాయి. అన్నీ వదిలేస్తాయని మాత్రం చెప్పలేం.

దీనితో కలిపేసి మాట్లాడే మరో మొక్క క్యాట్నిప్. అది గడ్డి కాదు, పుదీనా కుటుంబానిది. దానిలోని నెపెటలాక్టోన్ వాసనకు పిల్లి పొర్లాడి, చొంగ కార్చి, కొద్ది నిమిషాల్లో మామూలవుతుంది. సుమారు మూడో వంతు పిల్లులకు ఆ వాసన పట్టనే పట్టదు, అది వంశపారంపర్యం. మన గట్ల మీద కలుపుగా మొలిచే కుప్పింటాకు వేరుకు కూడా పిల్లులు ఇలాగే మత్తెక్కి తిరుగుతాయి. మొక్కను పీకిన చోట చేరి వేరును మూతితో రుద్దుతాయి. అది వేరే కథ, కడుపులోకి పోవాల్సిన వస్తువు అంతకన్నా కాదు.

గడ్డి తింటోంది కదా, పెరుగన్నంతో పెంచేయవచ్చని అనుకునే ఇళ్ళకు ఒక హెచ్చరిక. పిల్లికి టారిన్ అనే పదార్థం ఆహారంలోనే అందాలి, అది మాంసం, చేపల్లోనే ఉంటుంది. టారిన్ అందని పిల్లులకు రెటీనా దెబ్బతిని చూపు పోతుందని 1975లో, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో శాస్త్రవేత్తలు తేల్చారు. పాలూ పెరుగూ అన్నమూ తిని బొద్దుగా కనిపించే పిల్లి లోపల ఈ రెండూ నెలల తరబడి చప్పుడు లేకుండా సాగుతాయి. గోధుమ గడ్డిలో టారిన్ లేదు.

ఎప్పుడో ఒకసారి గడ్డితో పాటు కాస్త నురుగు కక్కి, వెంటనే ఆటకు పోయే పిల్లి గురించి బెంగ అక్కరలేదు. రోజూ కక్కడం, తిండి మానేయడం, బరువు తగ్గడం, ఎన్నడూ లేనిది ఉన్నట్టుండి కనిపించిన ఆకునల్లా తినడం మొదలుపెడితే పశువైద్యుడికి చూపించాలి. విషపు ఆకు నమిలిందన్న అనుమానం ఉంటే మిగిలిన ఆకును సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్ళాలి, మొక్క ఏదో తెలిస్తే చికిత్స సగం తేలికవుతుంది. ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ఇంటి చిట్కా వద్దు, ఉప్పే పిల్లికి ఇంకో విషం. లిల్లీ అయితే లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. మొదటి 18 గంటల లోపు సెలైన్ ఎక్కించడం మొదలైన పిల్లులకే మూత్రపిండాలు దక్కే అవకాశం ఎక్కువ.